డైరీలో ఆ ప్రిన్సెస్‌తో పోట్లాడాను, తప్పా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఫ్రెంచ్ నా సబ్జెక్టుల్లో ఒకటి. స్కూల్లో ఉన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటుంది. ఈ సెమిస్టర్‌లో మాకు మదామ్ ద లాఫాయెత్ నవల ‘ప్రిన్సెస్ ద క్లేవ్’ పెట్టారు. పక్కన ఇంగ్లిష్ అనువాదం పెట్టుకుని పూర్తి చేశాను. మొదట్లో ఆ రాజులూ డ్యూకులూ ఎవరికెవరు ఏమవుతారో తెలియక విసుగొచ్చింది. మధ్యమధ్య వచ్చే పిట్టకథలు దాటేశాను. మూడో భాగంలో ఆమె తన మనసు ఇంకొకరి మీదికి పోతోందని మొగుడితోనే చెప్పేసే చోటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. “ఎందుకు చెప్పావు? నోరు మెదపకుండా ఉంటే ఎవరికేం నష్టం?” అంటూ డైరీలో పేజీలకు పేజీలు ఆమెతో పోట్లాడాను. చివర్లో అతన్ని పెళ్లి చేసుకోనందుకు ఇంకోసారి పోట్లాడాను. క్లాసులో ఇదే చెబితే మా సారు “నీకేమనిపించిందో ఎవరికి కావాలమ్మా, ఆ కాలపు రాజసభ గురించి రాయి” అన్నారు. దానికి తోడు అమ్మ నా డైరీ చదివింది. అదంతా నవల గురించేనని ఎంత చెప్పినా నమ్మట్లేదు. నాకెవరో ఉన్నారనుకుంటోంది. నాన్నకి ఇంకా చెప్పలేదు, చెబుతుందేమోనని భయంగా ఉంది. డైరీ మానేయనా? అసలు నేను ఆ నవలని తప్పుగా చదివానా?

సమాధానం: మానేయకు తల్లీ. ఈ మాట ముందు చెప్పేస్తే మిగతాది నువ్వు నిదానంగా చదువుకుంటావు.

నువ్వు తప్పుగా చదవలేదు. నువ్వు ఏ ప్రశ్న మీద నిద్ర మానుకున్నావో, ఆ నవల వచ్చిన ఏడాది ఫ్రాన్స్‌లో చదువుకున్నవాళ్లంతా సరిగ్గా ఆ ప్రశ్న మీదే తగువులాడుకున్నారు. 1678 మార్చిలో పారిస్‌లో క్లోద్ బార్బాన్ అనే ప్రచురణకర్త నాలుగు భాగాలుగా ఆ పుస్తకం తెచ్చాడు. రచయిత పేరు లేదు. అదే ఏడాది ‘మెర్క్యూర్ గాలాన్’ అనే పత్రిక తన పాఠకులకు ఒక ప్రశ్న వేసింది. గుణవంతురాలైన ఒక స్త్రీకి భర్త మీద గౌరవం ఉంది, ఆ భర్త కూడా మంచివాడే. అయినా మనసు ఇంకొకరి వైపు లాగుతోంది, దాన్ని అణచుకోవాలని చూస్తోంది. అలాంటప్పుడు ఆమె భర్తకు చెప్పుకోవడం మేలా, మౌనంగా ఉండడం మేలా? ఊళ్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి, పత్రిక వాటిని అచ్చువేసింది. ఎక్కువమంది నీలాగే చెప్పకూడదనే అన్నారు. నువ్వు నీ డైరీలో రాసుకున్నది ఆ ఉత్తరాల కట్టలో కలిపితే ఇమిడిపోతుంది. ఒక పాఠకురాలు పత్రికకు ఉత్తరం రాయడం, పత్రిక జవాబివ్వడం అనే ఈ పద్ధతికీ ఈ నవలకూ అంత పాత బంధం ఉంది కాబట్టే నీ ఉత్తరం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

నీకన్నా పెద్ద పెద్దవాళ్లు కూడా కోప్పడ్డారు. బుస్సీ రాబ్యుతాన్ అనే దొర తన బంధువు మదామ్ ద సెవిన్యేకి ఆ జూన్‌లోనే ఉత్తరం రాస్తూ, భర్తకు అలా చెప్పుకోవడం వింతగా ఉందనీ, నిజంగా జరిగిన చరిత్ర రాసేటప్పుడైతే తప్పదు గానీ కల్పించి రాసే కథలో నాయికకు అంత అసాధారణమైన బుద్ధి పుట్టించడం హాస్యాస్పదమనీ అన్నాడు. వాలాంకూర్ అనే యువకుడు నవలని తప్పుపడుతూ ఏకంగా పుస్తకమే రాశాడు. మరుసటి ఏడాది షార్న్ అనే ఆయన దానికి జవాబు పుస్తకం రాశాడు. ఇంకోవైపు ‘మెర్క్యూర్ గాలాన్’లోనే ఒక లేఖ వచ్చింది. దాన్ని ఫోంతెనెల్ రాశాడంటారు, అప్పటికి అతనికి 21 ఏళ్లు, నీకన్నా రెండేళ్లు పెద్ద. నవలని నాలుగుసార్లు చదివానన్నాడు. ఆమె చెప్పడం అతనికి అద్భుతంగా తోచింది. కానీ అదే సమయానికి, ఆమె మనసు పడ్డ నెమూర్ అక్కడ పొంచి ఉండి వినడం మాత్రం కథకుల కల్పనలా ఉందని గిట్టలేదు. చూడు, వీళ్ల తగువు ముఖ్యంగా పదహారో శతాబ్దపు రాజసభ గురించి కాదు. ఆమె చేసింది సరైనదా కాదా అన్నదే ఎక్కువగా పట్టుకున్నారు.

ఈ జవాబు చదివే మిగతావాళ్ల కోసం కథ రెండు మాటల్లో చెబుతాను. రెండో ఆన్రీ రాజు పాలన చివరి రోజులు, 1558, 1559. పదహారో ఏట షార్త్ర్ వారి అమ్మాయిని తల్లి రాజసభకు తెస్తుంది. ప్రిన్స్ ద క్లేవ్ ఆమెను చూసి మనసు పారేసుకుంటాడు. అతనంటే ఆమెకు గౌరవమే గానీ ప్రేమ లేదు. తల్లి అడిగితే, మిగతావాళ్లకన్నా ఇతన్ని చేసుకోవడానికి అయిష్టం తక్కువ అన్నట్టు చెబుతుంది. పెళ్లవుతుంది. తర్వాత ఒక నాట్యసభలో డ్యూక్ ద నెమూర్ కనిపిస్తాడు. అక్కడి నుంచి ఆమె బతుకంతా ఆ ప్రేమను దాచడం, దాని నుంచి తప్పించుకోవడం. తల్లి చనిపోతుంది. సభకు దూరంగా ఉండనివ్వమని భర్తను బతిమాలుతుంది, అతను ఎందుకని గుచ్చి గుచ్చి అడుగుతాడు. కూలోమియేలోని తమ ఇంటి తోట మండపంలో చెప్పేస్తుంది. పేరు మాత్రం చెప్పదు. నెమూర్ అక్కడే దాక్కుని అంతా వింటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు పిట్టకథలు దాటేశానన్నావు కదా, నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

రెండో భాగం మొదట్లో మదామ్ ద తూర్నోన్ కథ వస్తుంది. భర్త పోయిన దుఃఖంలో ఉన్నట్టు కనబడే ఆవిడ సాన్సేర్ అనే అతనికి రహస్యంగా పెళ్లి మాట ఇస్తుంది. తర్వాత ఎస్తూత్‌విల్ అనే ఇంకొకరికీ అదే మాట ఇస్తుంది. హఠాత్తుగా చనిపోతుంది. ఆమె కోసం కుళ్లి కుళ్లి ఏడుస్తున్న సాన్సేర్‌కి, ఇంకొకడు కూడా అదే ఏడుపు ఏడుస్తున్నాడని అప్పుడు తెలుస్తుంది. చచ్చిపోయినదాన్ని ద్వేషించాలో, దుఃఖించాలో అర్థంకాక కూలిపోతాడు. ఈ కథ చెప్పేది ఎవరు? ప్రిన్స్ ద క్లేవ్. వినేది ఎవరు? అతని భార్య. చెబుతూ చెబుతూ, సాన్సేర్‌తో తానొకసారి అన్న మాట కూడా ఆమెకు వినిపిస్తాడు: తను ప్రేమించినది, చివరికి తన భార్యే అయినా, ఇంకొకరు నచ్చారని తనంతట తాను ఒప్పుకుంటే బాధపడతానేమో గానీ కసి పెంచుకోను, ప్రియుడి పాత్రో మొగుడి పాత్రో పక్కనపెట్టి ఆమెకు సలహా చెబుతాను, ఆమె మీద జాలిపడతాను అంటాడు. ఆ మాటకు ఆమె ముఖం ఎర్రబడుతుంది.

“ఎందుకు చెప్పావు?” అని నువ్వు డైరీలో ఆమెను నిలదీశావు. అతనే చెప్పమన్నాడమ్మా. తెలియకుండానే తలుపు తీశాడు. ఆమె ఆ మాట మనసులో పెట్టుకుంది. మండపంలో ఆమె ఒంటరిగా తెగించి ఏదో వింత పని చేయలేదు. నిజం చెప్పినవాళ్లను జాలితో చూస్తానన్న మనిషిని నమ్మి చెప్పింది. మొదట అతను ఆ మాట నిలబెట్టుకుంటాడు కూడా. ప్రపంచంలో తనంత దురదృష్టవంతుడు లేడంటాడు, అదే నోటితో నువ్వు నామీద ఉంచిన ఈ నమ్మకానికి వెల కట్టలేనంటాడు. ఆ తర్వాత నిలబడలేకపోతాడు. పేరు కావాలంటాడు. పేరు చెప్పకపోతే ఉపాయంతో లాగుతాడు. చివరికి ఒక మనిషిని నెమూర్ వెనక నిఘాకు పంపుతాడు. ఆ మనిషి వచ్చి, నెమూర్ రెండు రాత్రులు ఆ తోటలోకి వెళ్లాడని చెబుతాడు. లోపల ఏమీ జరగలేదు. జరిగిందనుకుని అతను జ్వరంతో మంచం పట్టి చనిపోతాడు.

కాబట్టి, నోరు మెదపకుండా ఉంటే ఎవరికేం నష్టమన్న నీ ప్రశ్నకు నవల ఒక్క సమాధానం ఇవ్వదు. తూర్నోన్ మౌనంగా ఉంది, ఒక మగవాడి ప్రాణం నలిగిపోయింది. క్లేవ్ భార్య మాట్లాడింది, ఇంకొకతని ప్రాణమే పోయింది. నా మటుకు నేను ఆమె పక్షమే. చెప్పడం ఆమెను ముంచలేదు. విన్నవాళ్లు ఆ మాటను మర్యాదగా దాచుకోలేకపోవడం ముంచింది. నెమూర్ సంగతి చూడు. విన్నది గుండెల్లో పెట్టుకోలేక, ఎవరికో జరిగినట్టు మార్చి తన స్నేహితుడు వీదామ్ ద షార్త్ర్‌కి చెబుతాడు. అతను తన ప్రియురాలు మదామ్ ద మార్తీగ్‌కి చెబుతాడు. ఆవిడ రాకుమారుడి భార్య మేరీ స్టూవర్ట్‌కి చెబుతుంది. ఆ మేరీ స్టూవర్ట్ మన ప్రిన్సెస్‌కి, ఈ వింత విన్నావా అంటూ ఆమె కథ ఆమెకే చెబుతుంది! ఇక ఇంటికెళ్లాక మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు అనుమానిస్తారు. నువ్వే బయటపెట్టావంటే కాదు నువ్వే అని. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మూడోవాడు విన్నాడని ఇద్దరికీ తెలియదు.

ఈ చోట నాకు మీ ఇల్లు కనబడింది. నీ డైరీ అమ్మ కంటపడింది. నువ్వు నిజమే చెబుతున్నావు. ఆవిడ భయం కూడా నిజమే. మధ్యలో నవల అనే మూడో మనిషి ఒకడున్నాడని ఆవిడకు తెలియదు. ‘ప్రేమిస్తున్నానని చెప్పేస్తే తప్పేంటి’ లాంటి వాక్యాలు, చుట్టూ ఏ సందర్భమూ లేకుండా, కూతురి చేతిరాతలో చూసిన తల్లికి ఏమనిపిస్తుందో నువ్వే ఊహించు. ప్రమాణాలు చేయకు, ఏడవకు, డైరీ చింపకు. చింపితే ఉన్న అనుమానం రూఢి అవుతుంది. ఒక పూట వంటింట్లోనో, నాన్న ఊళ్లో లేని రోజునో అమ్మ పక్కన కూర్చుని ఆ నవల కథ మొత్తం తెలుగులో చెప్పు. పాఠంలా కాదు, మన ఇళ్లల్లో చూసిన సినిమా కథ చెప్పుకుంటామే, అలా. తోట మండపం దగ్గర ఆపి, “నువ్వైతే చెప్పేదానివా అమ్మా?” అని అడుగు. ఆవిడకు తప్పకుండా ఒక అభిప్రాయం ఉంటుంది. అది నీ అభిప్రాయానికి పూర్తిగా ఎదురు కూడా కావొచ్చు. వాదించు. ఆ వాదన మొదలైందంటే, నువ్వు డైరీలో చేసింది అదేనని ఆవిడకు నువ్వు వేరే రుజువు చూపనక్కర్లేదు.

ఆ నవలలోని తల్లి గురించి కూడా ఆవిడకు చెప్పు. మదామ్ ద షార్త్ర్ నాకు చాలా ఇష్టమైన పాత్ర, ఆమెతో నాకు తగువు ఉన్నా సరే. ఆడపిల్లల ముందు ప్రేమ అనే మాటే ఎత్తకపోతే వాళ్లు దానికి దూరంగా ఉంటారని ఎక్కువమంది తల్లులు అనుకుంటారట. ఈవిడ అలా అనుకోలేదు. ప్రేమలో ఉన్న తీపినీ, మగవాళ్ల మాటల్లో ఉండే కపటాన్నీ, ఇళ్లు కూలిపోయే తీరునూ అన్నీ కూతురికి వివరంగా చెప్పింది. సభలోకి తీసుకెళ్లాక, నీతో ఎవరేం మాట్లాడినా నాకు చెప్పు, తల్లిగా కాదు స్నేహితురాలిగా అడుగుతున్నాను అంది. ఇక్కడ పైకి కనిపించేదాన్ని బట్టి తీర్పు చెబితే తరచూ మోసపోతావు, కనిపించేది దాదాపు ఎప్పుడూ నిజం కాదు అని కూడా ఆమే అంది. 1678లో రాసిన మాటలు ఇవి. మీ అమ్మ డైరీలో పైకి కనిపించినదాన్ని బట్టే కదా తీర్పు చెప్పింది.

అయితే ఆ స్నేహం కూడా చివరిదాకా నిలవలేదు. నెమూర్ మీద మనసు పడిందని తెలిశాక, మొదటిసారిగా ఆ అమ్మాయి తల్లికి ఒక విషయం చెప్పకుండా దాస్తుంది. తల్లి తనంతట తనే పసిగడుతుంది. సూటిగా అడగదు. నెమూర్ గురించి పక్కదారిన నాలుగు చెడ్డమాటలు కూతురి చెవిన వేస్తుంది. చావు మంచం మీదే నోరు విప్పి, నువ్వు అగాధం అంచున ఉన్నావని చెబుతుంది. ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేదో అని ఆ పేజీలు చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది. మీకు ఆ అవకాశం ఉంది.

ఒక విషయం మాత్రం అమ్మకు మెత్తగా, స్పష్టంగా చెప్పు: అడగకుండా డైరీ చదవడం నీకు బాధ కలిగించిందని. అది చెప్పడం పెద్దలను ఎదిరించడం కాదు. చెప్పకుండా మింగితే నువ్వు రేపటి నుంచి అమ్మ చూస్తుందన్న భయంతో రాస్తావు, అది ఇక నీ డైరీ కాదు. ఒకవేళ ఇంట్లో ఇది చదువు మాన్పించే దాకా, గడప దాటనివ్వని దాకా వెళ్తుందనిపిస్తే నువ్వొక్కదానివే మోయకు. అమ్మ మాట వినే పిన్నో, మేనత్తో, నీ ఫ్రెంచ్ క్లాసు గురించి తెలిసిన ఎవరైనా మేడమో ఉంటారు, వాళ్లను కూర్చోబెట్టు. ఇక నీకు నిజంగా ఎవరైనా ఉన్నారా లేదా అన్నది నువ్వు రాయలేదు, నేను అడగను. ఉన్నా లేకపోయినా పై మాటలు మారవు.

డైరీ దొరికిపోవడం అనే కష్టం కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లో ఫానీ బర్నీ 1768లో, 15 ఏళ్ల వయసులో డైరీ మొదలుపెట్టింది. ఎవరికి రాస్తున్నట్టు? ఎవ్వరికీ కాదు, ఆ ‘ఎవ్వరూ కానివాళ్ల’నే సంబోధిస్తూ రాసింది. ఒకసారి ఒక కాగితం ఇంట్లో ఎక్కడో వదిలేస్తే తండ్రి చేతికి చిక్కింది. ఇంకోసారి ఇలా పడి ఉంటే తీసుకెళ్లి బజార్లో అంటిస్తానన్నాడాయన. ఇంటికి వచ్చిపోయే ఒక పెద్దావిడైతే వయసు పిల్లలకు డైరీ అంత ప్రమాదకరమైన పని ఇంకోటి లేదని మందలించింది. ఆ పిల్ల మానలేదు. గోల్డ్‌స్మిత్ నవల చదివి మొదట విసిరేద్దామనుకున్నాననీ, చివరికి వెక్కి వెక్కి ఏడ్చాననీ ఆ డైరీలోనే రాసుకుంది. పదేళ్ల తర్వాత, 1778లో, ‘ఎవెలీనా’ నవల రాసి అచ్చువేయించింది. పేరు పెట్టకుండానే.

పేరు పెట్టకపోవడం అంటే మదామ్ ద లాఫాయెత్ కూడా గుర్తుకొస్తుంది. 1678 ఏప్రిల్‌లో ఒక ఉత్తరంలో ఆమె ఈ నవల తనది కాదని తప్పుకుంది. పైగా చదివానూ చాలా బాగుందీ, అది నవల కాదు, రాజసభ తీరును ఉన్నదున్నట్టు చూపే జ్ఞాపకాలు అని మెచ్చుకుంది. పెద్దింటి ఆడది నవల రాసిందంటే చిన్నతనంగా చూసే కాలం అది. తనకిష్టమైన పనిని దాచుకోవాల్సి వచ్చిన మనిషే, దాచుకోవడం మీద ఇంత పెద్ద కథ రాసింది.

ఇక మీ సారు. ఆయన మాట తీరు నాకు నచ్చలేదు, కానీ చెప్పిన దాంట్లో సగం నిజముంది. నీ కోపం ఒక్కటే రాసి ఇస్తే మార్కులు రావు, రాకూడదు కూడా. కోపం ఎక్కడ పుట్టిందో ఆ చోటుకు వెళ్లి చూస్తేనే అది చదువవుతుంది. డైరీలోంచి ఒక్క వాక్యం తీసుకో, ఆ “ఎవరికేం నష్టం” అన్నదే తీసుకో. దాని కింద నవలలో మౌనంగా ఉన్నవాళ్లందరినీ, మాట్లాడినవాళ్లందరినీ రాసుకుంటూ వెళ్లు. నువ్వు దాటేసిన నాలుగు పిట్టకథలూ తప్పనిసరిగా వస్తాయి. ఒక్కొక్క కథ ఎవరు ఎవరికి చెబుతున్నారో పక్కన రాయి. రాజు గారి ప్రియురాలు దియాన్ ద పువాతియే కథ తల్లి కూతురికి చెబుతుంది. తూర్నోన్ కథ భర్త భార్యకు చెబుతాడు. అసూయపడ్డ ఇంగ్లండ్ రాజు చేతిలో తల పోగొట్టుకున్న ఆన్ బోలిన్ కథ మేరీ స్టూవర్ట్ చెబుతుంది. ఒక ప్రేమ ఉత్తరం పోగొట్టుకున్న వీదామ్ తన చిక్కును నెమూర్‌కి చెప్పుకుంటాడు. మూడు కథలు మన అమ్మాయి చెవిన పడుతున్నాయి. నాలుగో కథలోని ఉత్తరం అయితే ఆమె చేతికే వచ్చి, నెమూర్‌దేమోనన్న అసూయతో ఆమెను ఒక రాత్రంతా నిద్రపోనివ్వదు. అంటే ఆమె చదువంతా ఈ కథలే. పరీక్షకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తోచదు, దీనికి విత్తనం నీ డైరీలో ఉంది.

చరిత్ర దగ్గర విసుగొచ్చిందన్నావు. డైరీ చివరి పేజీలో ఒక చిన్న వంశవృక్షం గీసుకో, విసుగు పోతుంది. పైన 1547 నుంచి రాజ్యం చేస్తున్న రెండో ఆన్రీ. ఒక పక్క రాణి కాతరీన్ ద మెదిసి, ఇంకో పక్క రాజుకన్నా దాదాపు ఇరవై ఏళ్లు పెద్దదైన దియాన్. కింద పెద్ద కొడుకు, అతనితో 1558 ఏప్రిల్‌లో పెళ్లయిన మేరీ స్టూవర్ట్. ఆ పెళ్లి నాటికి ఆమెకు 15 ఏళ్లే. సరదాగా కబుర్లు చెప్పే ఈ పిల్లను 1587లో ఇంగ్లండ్‌లో తల నరికి చంపారని 1678 నాటి పాఠకులకు తెలుసు. అది తెలిసి చదివితే ఆమె నవ్వుల పేజీలు వేరుగా కనబడతాయి. నెమూర్ నిజంగా ఉన్నవాడే, వీదామ్ కూడా. నాయిక మాత్రం పూర్తిగా కల్పితం. చరిత్రలో ఆ ప్రిన్సెస్ లేదు. చుట్టూ ఉన్న రాజులు, ఒప్పందాలు, పెళ్లిళ్లు అన్నీ రికార్డులో ఉన్నవి. ఎవరూ రాసిపెట్టనిది ఆ అమ్మాయి మనసులో జరిగిందొక్కటే, దాన్ని లాఫాయెత్ పూరించింది. ఆ తొలి రోజుల చారిత్రక నవలల్లో ఇది నిలిచిపోయిందంటే ఈ కారణంగానే అని నేను గట్టిగా నమ్ముతాను. నువ్వు మనసు గురించి రాశావు, సారు రాజసభ గురించి అడిగారు. రెండూ ఎక్కడ కలుస్తాయో చూపించు, ఆయన కాదనలేరు.

ఒక ఉదాహరణ ఇస్తాను. 1559 జూన్ 30న పారిస్‌లో జరిగిన బరిసెల పోటీలో మోంగొమెరీ కౌంట్ బల్లెం విరిగి పెచ్చు రాజు కంట్లో గుచ్చుకుంది. జూలై 10న రాజు పోయాడు. ఇది చరిత్ర. నవలలో ఆ పోటీకి నెమూర్ పసుపు, నలుపు రంగులు వేసుకుని వస్తాడు. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. ఆమెకు ఒక్కదానికే తెలుసు. పసుపు రంగంటే ఇష్టం గానీ తన బంగారు రంగు జుట్టుకు నప్పదని ఒకసారి అతని ముందు అంది. రాజుకు ఆ దెబ్బ తగిలిన రోజు ఆమెకు ఆ రంగులతో గుర్తుండిపోయింది. తర్వాత కూలోమియేలో ఒక రాత్రి, నెమూర్ వాడిన చేతికర్ర ఒకటి సంపాదించి దానికి ఆ రంగుల రిబ్బన్లే ముడులు వేస్తూ కూర్చుంటుంది. నవల మొత్తంలో నాకు ఇంతకన్నా ప్రియమైన చోటు లేదు. ఒక్క మాట లేదు, అన్నీ తెలిసిపోతాయి. చరిత్రలోంచి మనసులోకి ఒక రంగు ఎలా ప్రయాణించిందో రాయి, రెండు పేజీలు వస్తుంది.

ఈ పుస్తకం ఎవరికి పనికొస్తుందన్న ప్రశ్న ఫ్రాన్స్‌లో కూడా లేచింది. 2006లో అప్పటి మంత్రి సర్కోజీ, ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలో ఈ నవల మీద ప్రశ్నలు పెట్టడాన్ని బహిరంగ సభలో ఎగతాళి చేశాడు. ఆయన అధ్యక్షుడయ్యాక, 2009లో విశ్వవిద్యాలయాల సమ్మె జరిగినప్పుడు అధ్యాపకులూ విద్యార్థులూ పారిస్‌లో పాంతియోన్ అనే స్మారక భవనం ఎదుట నిలబడి ఈ నవలను వంతులవారీగా గట్టిగా చదివారు. ‘నేను ప్రిన్సెస్ ద క్లేవ్ చదువుతున్నాను’ అన్న బ్యాడ్జీలు పెట్టుకున్నారు. పుస్తకం అమ్మకాలు పెరిగాయి. 2011లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో మార్సేయ్ ఊరి ఉత్తరపు పేటల్లో, వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే బడిలో, ఇంటర్ వయసు విద్యార్థులు ఈ నవల వాక్యాలను తమ ఇళ్లలోని తల్లులకూ తమ ప్రేమలకూ అన్వయించుకుని మాట్లాడతారు. ఒక తల్లీ కూతురూ కెమెరా ముందు కూర్చుని ఏది చెప్పుకోవాలి, ఏది దాచుకోవాలి అని మాట్లాడుకోవడం చూస్తే మీ ఇద్దరూ గుర్తుకొస్తారు. దొరికితే అమ్మతో కలిసి చూడు.

రెండో పోట్లాట, ఆమె చివర్లో నెమూర్‌ని కాదన్నందుకు. భర్త పోయాక అడ్డు లేదు, ఇద్దరికీ ఇష్టమే, అయినా వద్దంటుంది. ఆ సంభాషణ మళ్లీ నెమ్మదిగా చదువు. భర్త చావుకు తామే కారణమన్నది ఒక కారణం. దానికన్నా బలంగా ఆమె ఇంకోటి చెబుతుంది. అడ్డంకులు ఉన్నందువల్లే నీ ప్రేమ ఇన్నాళ్లు నిలిచింది, పెళ్లయ్యాక అది చల్లారడం నా కళ్లతో చూడలేను అంటుంది. ఎప్పుడూ ఇతరుల చూపుల మధ్య బతికిన పిల్ల, మొదటిసారి తన ప్రశాంతతను తానే ఎంచుకుంటుంది. నాకది ఓటమిగా అనిపించదు. నీకు ఇప్పుడు ఓటమిగానే అనిపిస్తే ఏం తొందర లేదు, అలాగే ఉంచు. కాకపోతే డైరీలో ఆ పేజీ మీద తారీఖు వేయడం మరిచిపోకు, పక్కన మార్జిన్ కాస్త ఖాళీగా వదులు. ఇంకో పదేళ్లకు మళ్లీ చదివినప్పుడు అక్కడ రాయడానికి నీకు చోటు కావాలి.

నవల నోట్సుకు వేరే పుస్తకం పెట్టాలా అని నువ్వు అడగలేదు గానీ, అడుగుతావేమో. పెట్టు. డైరీలోంచి సారుకు చూపదగ్గవి దాన్లోకి ఎత్తి రాసుకో, అమ్మ అడిగితే అదీ చూపించు. డైరీని మాత్రం ఎవరి కోసమూ సరిదిద్దకు. పరీక్షకు ఎన్ని రోజులున్నాయో రాయలేదు. టైము తక్కువుంటే పుస్తకం మొత్తం మళ్లీ పట్టుకోవద్దు, రెండో భాగంలో తూర్నోన్ కథతో మొదలుపెట్టి మండపం దాకా చదువు. అంతవరకు చాలు.